వలస పక్షి ప్రయాణానికి సిద్ధమైందో లేదో కనిపెట్టడం ఎలా?

వలస పక్షులు ఏ రోజు వచ్చాయో, ఏ రోజు వెళ్లిపోయాయో రాసిపెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లే ముందు వాటి ఒంట్లో వచ్చే మార్పును గమనించేవాళ్లు తక్కువ. పిట్టను ముట్టుకోకుండా, బైనాక్యులర్స్‌తో దూరం నుంచే ఆ మార్పును పట్టుకోవచ్చు. అందరి చూపూ రెక్కల మీదకి పోతుంది గానీ, అసలు సంగతి చెప్పేది పొట్ట.

1. ముందు లోపల ఏముందో తెలుసుకోండి

పక్షి రొమ్ము ఎముక మధ్యలోంచి, పడవ అడుగున ఉండే దూలంలా, ఒక పలక ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండేసి కండరాలు, ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. పైనున్న పెద్ద కండరం రెక్కను కిందికి కొడుతుంది. దాని చాటునున్న చిన్నది రెక్కను పైకి ఎత్తుతుంది. ఛాతీలో ఉన్న కండరం రెక్కను పైకెలా ఎత్తుతుందని మీకు అనుమానం రావచ్చు. దాని టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టిపట్టే తాడు లాంటిది) భుజం దగ్గర మూడు ఎముకల మధ్య ఉన్న సందులోంచి దూరి, రెక్క ఎముకను పైభాగంలో పట్టుకుంటుంది. కండరం బిగిస్తే రెక్క లేస్తుంది.

దూరం ఎగిరే పక్షుల్లో ఈ కండరం ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. ఆక్సిజన్ తెచ్చే సన్నటి రక్తనాళాలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అందులో కిక్కిరిసి ఉంటాయి. అది కాల్చేది ముఖ్యంగా కొవ్వునే. గ్రాము కొవ్వులో సుమారు 9 కిలోకేలరీలుంటే పిండిపదార్థంలో, ప్రోటీన్‌లో 4 చొప్పునే ఉంటాయి. పైగా ఆ రెండింటినీ ఒంట్లో దాచాలంటే నీటి బరువు కూడా మోయాలి. అందుకే వలసకు ముందు పక్షి కొవ్వు పట్టిస్తుంది. ఆ కొవ్వు ఎక్కువగా చేరే చోట్లలో పొట్ట ఒకటి, మనకు బయటికి కనిపించేదీ అదే.

2. పక్షిని ఎంచుకోండి

ఆకుల చాటున గెంతే చిన్న పిట్టలు ఈ పనికి రావు. నీటి అంచున బురదలో తిరిగే ఉల్లంకి జాతివో, గడ్డి మేసే పెద్ద బాతులో అయితే మేలు. ఒక్క జాతినే పట్టుకుని సీజన్ అంతా చూడండి. రెండు మూడు జాతులు కలిపితే లెక్క గజిబిజి అవుతుంది.

3. పొట్ట గీతకు మార్కులు వేయండి

పక్షి పక్కకు తిరిగి, మెడ నిలబెట్టి నడుస్తున్నప్పుడు కాళ్లకీ తోకకీ మధ్య పొట్ట అడుగు అంచు గీసే గీతను చూడండి. లోపలికి పీక్కుపోయి ఉంటే 1. తిన్నగా ఉంటే 2. కొంచెం ఉబ్బితే 3. కాళ్ల వెనక బరువుగా కిందికి జారి ఉంటే 4. బాతుల మీద పరిశోధన చేసేవాళ్లు ఇలాంటి పద్ధతినే దశాబ్దాలుగా వాడుతున్నారు.

మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. చలికి ఈకలు ఉబ్బించుకున్న పక్షి, వెనక నుంచి గాలి కొడుతున్న పక్షి, ఒంటికాలి మీద ముడుచుకుని కునుకు తీస్తున్న పక్షి, అన్నీ లావుగానే కనిపిస్తాయి. వాటిని వదిలేయండి. ఏ ఒక్క పక్షినో చూసి తీర్పు ఇవ్వొద్దు. ప్రతిసారీ ఇరవై పక్షులకైనా మార్కులు వేసి సగటు తీయండి. మూడు నాలుగు రోజులకోసారి, వీలైతే ఒకే వేళకు చూడండి. సగటు వారాల తరబడి పైకి పోతూ, 4 మార్కుల పక్షులు గుంపులో పెరిగాయంటే ప్రయాణం దగ్గరపడిందని లెక్క.

4. ఛాతీ జోలికి వెళ్లొద్దు

ఛాతీ కండ ఎంతుందో ఈకల మీద నుంచి తెలియదు. కాళ్లకు రింగులు వేసే శిక్షణ పొందినవాళ్లు అనుమతితో పక్షిని పట్టి, ఛాతీ మీద వేలు ఆనించి చూస్తారు. మధ్య ఎముక కత్తి అంచులా గుచ్చుకుంటే కండ కరిగిపోయినట్టు, రెండు వైపులా నిండుగా తగిలితే బాగున్నట్టు. తర్వాత మెల్లగా ఊది ఈకలు విడదీస్తారు. పలచటి చర్మం కింద కండ ముదురు ఎరుపుగా, విష్‌బోన్ (మెడ మొదట్లో V ఆకారంలో ఉండే ఎముక) గుంటలో కొవ్వు లేత పసుపుగా కనిపిస్తుంది. చూడ్డానికి తేలికే అనిపిస్తుంది గానీ, అలవాటు లేని చేతుల్లో పక్షి ప్రాణానికే ముప్పు.

5. రెక్కలల్లార్చడాన్ని కసరత్తు అనుకోవద్దు

మనిషికి కండ పెరగాలంటే వ్యాయామం కావాలి. వలస పక్షికి ఆ అవసరం పెద్దగా లేదు. పంజరాల్లో ఉంచిన రెడ్ నాట్ పిట్టల ఛాతీని అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే, ఒంటి బరువు పెరిగేకొద్దీ కండరమూ మందమవుతున్నట్టు తేలింది. బరువు పెరిగితే మోసే కండా పెరగాలి కదా! ఆ పని ఎగరకుండానే జరిగిపోతోంది. ఈ సర్దుబాటు మిగతా అవయవాలకూ పాకుతుంది. బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే నీటి అంచు పక్షి అలాస్కా నుంచి బయలుదేరేటప్పుడు దాని బరువులో సగానికి పైగా కొవ్వే ఉండొచ్చు. గాల్లో పనికిరాని పేగులు, కాలేయం ఆ సమయానికి చిన్నవైపోయి ఉంటాయి. 2022లో ఈ జాతి పిల్లపక్షి ఒకటి, కొన్ని నెలల వయసుది, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి దాకా సుమారు 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా ఆగకుండా ఎగిరింది. తిండీ లేదు, నీళ్లూ లేవు.

6. దిగిన పక్షుల్నీ గమనించండి

దారిలో కొవ్వుతో పాటు కండ కూడా కొంత కరుగుతుంది. దానికి ఒక కారణం నీరు. అంతే శక్తికి కొవ్వుతో పోలిస్తే కండ నుంచి చాలా ఎక్కువ నీరు వస్తుంది. విండ్ టన్నెల్‌లో, అంటే ఫ్యాన్లతో గాలి వీచేలా చేసిన సొరంగంలో, ఎగరేసి చూసినప్పుడు, పొడిగాలిలో ఎగిరిన పిట్టలు తేమగాలిలో ఎగిరినవాటికంటే ఎక్కువ ప్రోటీన్ కరిగించుకున్నాయి.

కాబట్టి కొత్తగా దిగిన గుంపులో 1, 2 మార్కులే ఎక్కువ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. మొదటి ఒకటి రెండు రోజులు ఎంత మేసినా పొట్ట గీత పెద్దగా కదలదు. కుదించుకుపోయిన పేగులు ముందు కోలుకోవాలి. ఆ రోజుల్లో ఫొటో కోసం దగ్గరికెళ్లి గుంపును లేపితే, మిగిలిన కాస్త కండా ఆ ఎగురుడుకే ఖర్చవుతుంది. మేస్తున్న పక్షులు తలెత్తి మీవైపు చూడటం మొదలుపెట్టాయంటే రెండడుగులు వెనక్కి వేయండి. మార్కులు అక్కడి నుంచే వేసుకోవచ్చు.