తిరుపతిలో లారీ బేకర్ పద్ధతి ఇల్లు: గోడ, మిద్దె, జాలీ

తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ (1917–2007) పుట్టింది ఇంగ్లండులో, పేరు తెచ్చుకున్నది కేరళలో. తిరువనంతపురంలో ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణ చూసొచ్చి, అచ్చం అలాగే కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. అక్కడ పెద్ద వానలు నైరుతివి. మనల్ని ముంచేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి కొట్టే జల్లు. అందుకని పద్ధతి ఆయనది తీసుకున్నా, సజ్జలూ, జాలీలూ (గాలి ఆడేలా కన్నాలు వదిలి కట్టే ఇటుక గోడలు) మన వానకు తగ్గట్టు పెట్టుకోవాలి.

పునాది రాతికట్టు. చిత్తూరు వైపు రాయికి కొదవ లేదు. ఎర్ర గరప నేలైతే ఇంజనీరు సరేనన్నాక పిల్లర్లు లేకుండా గోడల మీదే బరువు మోయించవచ్చు. నల్లరేగడిలో ఆ సాహసం వద్దు.

అసలు ఆదా గోడలో ఉంది. ర్యాట్ ట్రాప్ బాండ్‌లో ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. రెండు ఇటుకలు ఎదురెదురుగా, వాటి పక్కన ఒకటి అడ్డంగా. గోడ మందం 9 అంగుళాలే, మధ్యలో మూడంగుళాల ఖాళీ. 9 అంగుళాల ఇటుకతో 100 చదరపు అడుగుల గోడకు మామూలు కట్టులో 900 పైచిలుకు పడితే, ఇందులో 700 పైచిలుకుతో సరిపోతుంది. ఆ ఖాళీలోని గాలి పడమటి ఎండను లోపలికి త్వరగా రానివ్వదు.

ఇటుకలన్నీ ఒకే కొలత ఉండాలి. నాటు ఇటుకలు వంకరగా వస్తే రెండు ముఖాలూ తూకానికి కుదరవు, సిమెంటుతో సర్దేసరికి మిగిలిందంతా పోతుంది. ఒక ఇటుకను 24 గంటలు నానబెట్టి తూచండి. బరువు ఐదో వంతు కంటే ఎక్కువ పెరిగితే ఆ లోడు వెనక్కి పంపండి. మాలు 1:6, అంటే సిమెంటు ఒక పాలుకు ఇసుక ఆరు పాళ్లు. మాలు పరిచేటప్పుడు ఖాళీ మీద చెక్కపట్టీ పెట్టాలి. లేకపోతే మాలంతా లోపల పడి గోడ నిండిపోతుంది. అలవాటు లేని బేల్దారి చేసే మొదటి తప్పు ఇదే, అందుకే ముందు నాలుగడుగుల నమూనా గోడ కట్టించి చూడండి.

బేస్‌మట్టం మీది మొదటి వరస, కిటికీల అడుగు వరస, మిద్దె కింది చివరి వరస నిండుగా కట్టాలి. గుమ్మాల పక్కలూ అంతే. గీజరు, అల్మరా వేలాడే చోట్లు, కరెంటు పైపుల దారి ముందే గుర్తు పెట్టాలి. తర్వాత కొడితే ఇటుక పగులుతుంది.

మిద్దెకు ఫిల్లర్ స్లాబ్. స్లాబ్ అడుగు భాగంలో లాగుడును మోసేది కమ్మీయే, కాంక్రీటు కాదు. అందుకే కమ్మీల గళ్ల మధ్య మంగళూరు పెంకుల జత పెట్టి ఆ మేరకు కాంక్రీటు తగ్గిస్తారు. పెంకుల్ని ముందుగా నీళ్లలో నానబెట్టకపోతే కాంక్రీటు తడి పీల్చేస్తాయి. జతకూ జతకూ మధ్య 4 అంగుళాలు, పెంకు మీద కనీసం 2 అంగుళాల కాంక్రీటు ఉండాలి. గోడలకూ దూలాలకూ ఆనుకుని పెంకులు వద్దు. బయటికి పొడుచుకొచ్చే సజ్జలోనూ వద్దు, అక్కడ లాగుడు పైభాగాన ఉంటుంది. స్లాబ్ మందం, కమ్మీ లెక్క ఇంజనీరువే. పోసే రోజు కూలీలు నడవడానికి పలకలు వేయండి. కట్టలు కట్టి 14 రోజులు నీళ్లు నిలపండి.

పూత లేని బయటి గోడకు పాయింటింగ్ (ఇటుకల సందుల్ని మాలుతో నింపి సరిచేయడం) ఇటుక ముఖానికి సమంగా చేయాలి, లోతుగా గీస్తే నీరు నిలుస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్లటి పొర తేలుతుంది. కట్టుడికి వేరే నీళ్లు తెప్పించుకోండి. చిందిన మాలును ఆ రోజే తడిగుడ్డతో తుడవాలి.

తూర్పు, ఉత్తరం గోడల్లో జాలీ పెడితే పైన రెండున్నర అడుగుల సజ్జ తప్పదు. దక్షిణం, పడమర వైపు ఆ ఇబ్బంది తక్కువ. లోపలి వైపు దోమల వల బిగించండి. కొండ కిందైతే జాలీ కన్నాలు కోతి చెయ్యి పట్టనంత చిన్నవిగా ఉండాలి, వంటింట్లో మరీను.