విశాఖలో బర్మా నుంచి వచ్చిన కుటుంబాల చరిత్రను కూర్చుకోవడం ఎలా?

విశాఖపట్నంలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ వాడుకలో ఉంది. అక్కడో, నగరంలో మరోచోటో స్థిరపడిన మీ పెద్దల కథను రాయదలిస్తే, ముందుగా తేల్చుకోవలసింది వారు ఎప్పుడు తిరిగి వచ్చారన్నదే. 1942లో యుద్ధభయంతో వచ్చినవారి అనుభవం వేరు, 1964 తరువాత వచ్చినవారిది వేరు. అయితే ఇళ్లలో ఈ రెండూ "రంగం నుంచి వచ్చేశాం" అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి. ఉత్తరాంధ్ర పాత తరం రంగూనును పిలిచిన పేరు రంగం.

సంవత్సరం అడిగితే పెద్దవారు తడబడతారు, కాబట్టి దారి గురించి, డబ్బు గురించి అడగండి. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడ్డాక, లక్షల మంది భారతీయులు అరకాను కొండల మీదుగానో, సరిహద్దు ఊరైన తము, ఇంఫాల్ మార్గంలోనో చాలావరకు కాలినడకన బయలుదేరారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలోనే రాలిపోయినవారు ఎందరో. మామ్మగారి మాటల్లో అడవి, నడక, బాంబుల మోత ఉంటే అది ఈ కాలానిదే. అలా కాక దుకాణం సర్కారు తీసేసుకున్నదని, నోట్లు చెల్లకుండా పోయాయని, ఓడ ఎక్కి వచ్చామని చెబితే అది 1964 మాట. బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం ఆ ఏడాది మార్చిలో దుకాణాలను జాతీయం చేసి, మే నెలలో 50, 100 చాట్ల నోట్లను రద్దు చేసింది. రూపాయి స్థానంలో చాట్ వచ్చింది 1952లో గనుక, ఆ నాణెం పేరు జ్ఞాపకాల్లో వినిపించడం కూడా ఒక ఆనవాలే.

పెద్దలు బర్మాకు వెళ్లిన కాలాన్ని కూడా ఇలాగే పట్టుకోవచ్చు. విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. అంతకు ముందు ఓడలు దూరాన లంగరు వేస్తే జనం పడవల్లో వాటి దగ్గరికి వెళ్లేవారు. అందుచేత "పడవ మీద ఓడ దగ్గరికి పోయాడు" అన్న మాట పాత కాలాన్నో, భీమిలి వంటి మరో రేవునో సూచిస్తుంది.

తరువాత కాగితాలు. రంగూనులోని భారత రాయబార కార్యాలయం ప్రయాణం కోసం ఇచ్చిన అత్యవసర ధ్రువపత్రం, బర్మా ప్రభుత్వం ఇచ్చిన విదేశీయుల నమోదు పత్రం, బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారి పునరావాసం కోసం 1969లో ఏర్పడిన రెప్కో బ్యాంకు వాటాపత్రం ఇంట్లో ఉన్నాయేమో పెట్టె అడుగున వెతకండి. పత్రంలోని ఫొటో కన్నా పుట్టిన ఊరు, తండ్రి పేరు ఉన్న వరుసలే ఎక్కువ పనికొస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు చిత్రంగా మారిపోతాయి గనుక ఒక్కో పేరును నాలుగైదు రకాలుగా రాసి పెట్టుకోవాలి.

ప్రభుత్వ దస్తావేజుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, జాతీయ అభిలేఖాగారం వారి అభిలేఖ్ పటల్ పోర్టల్ చూడవచ్చు. వెతికేటప్పుడు రెండు విషయాలు మరవకూడదు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. అంతకు ముందరి కాగితాలు విశాఖపట్నం జిల్లా కింద, 1936కు ముందువైతే కొన్ని గంజాం కింద ఉంటాయి. ఇక బర్మాలో తెలుగువారిని కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద "కొరింగీ" అనేవారు. ఆ మాటలో చులకన ఉంది, చదివితే మనసు చివుక్కుమంటుంది. అయినా తెలుగు అని వెతికితే దొరకనివి ఆ పేరుతో దొరుకుతాయి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య చెలరేగిన అల్లర్ల గురించిన కాగితాలను కూడా ఈ మాటతో వెతికి చూడండి.

చివరగా, దొరికిన ప్రతి కాగితానికీ రెండు వైపులా ఫొటో తీయండి. వెనుక వైపు ముద్రల్లో తేదీలు ఉండవచ్చు. ముద్దుకొద్దీ లామినేషన్ మాత్రం చేయించవద్దు, అది పాత కాగితాన్ని పాడుచేస్తుంది.