నాన్నను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే ముందు

డిశ్చార్జి అనగానే ఇంటిల్లిపాదీ బిల్లు కౌంటర్ దగ్గరే నిలబడతాం. అసలు పని మంచం దగ్గర ఉంటుంది.

ముందు మందులు. ఇంట్లో వాడుతున్న పాత మందుల సంచి వెంట తీసుకెళ్లండి. ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి, దేని డోసు మారిందో డాక్టరుగారితోనే రాయించుకోండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడాలి. మా నాన్నకు ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ల రెండు పేర్లతో ఇంటికొచ్చింది. నాలుగు రోజులు రెండూ వేశాం. ఐదో రోజు పొద్దున లేచి నిలబడగానే కళ్లు తిరిగి, తలుపు పట్టుకుని కూలబడిపోయారు.

– యూరిన్ పైపుతో పంపిస్తుంటే, ఎప్పుడు తీస్తారో తేదీ అడగండి. సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి. ఆటోలో ఒళ్లో పెట్టుకోకండి.

– నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో బయల్దేరకముందే నర్సుతో కలిసి చూడండి. మంచానికే పరిమితమైనవారిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి.

– కళ్లజోడు, పళ్లసెట్టు, చెవి మిషన్. దిండు కింద వెతకండి, అక్కడే దొరుకుతాయి.

– రాత్రి బాత్రూం దారిలో లైటు. నేల మీద జారే కాలిపట్టాలు తీసేయండి.

– ఇల్లు చేరాక సందేహమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు తీసుకోండి. ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, పగలంతా మగతగా ఉన్నా 'వయసు కదా' అని వదిలేయకండి. వెంటనే డాక్టరుకు చూపించాలి. పరిస్థితి విషమిస్తే 108.