కార్డు ఎంచుకునే ముందు మూడు నెలల స్టేట్‌మెంట్ ముందేసుకోండి

నేను హనుమకొండలో ఒక ఆసుపత్రి అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. జీతాలు పడిన వారంలో ఎవరో ఒకరు నా టేబుల్ దగ్గరికొచ్చి, "ఏ క్రెడిట్ కార్డు మంచిది మేడం?" అని అడుగుతారు. నేను ఏ కార్డు పేరూ చెప్పను. "మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకొని రండి, కూర్చుందాం" అంటాను. కార్డు వల్ల వచ్చే లాభం మీ ఖర్చును బట్టి ఉంటుంది. దాన్ని రూపాయల్లో లెక్కేయకుండా ఏ కార్డు తీసుకున్నా గుడ్డిగా తీసుకున్నట్టే.

లెక్క ఎలా వేయాలో మా తమ్ముడి ఖర్చుతోనే చూపిస్తాను, వాడు సరేనన్నాడు. వాడు మెడికల్ రెప్. నర్సంపేట, మహబూబాబాద్, జనగామ వైపు బైకు మీద తిరుగుతాడు. చేతికి 38,000 వస్తుంది. ముందు కార్డు మీద పెట్టలేని ఖర్చులన్నీ పక్కకు తీశాం. ఇంటి అద్దె 9,000, బైకు ఈఎంఐ 4,200, చిట్టీ 3,000, అమ్మకు పంపేది 6,000. అద్దెను కూడా యాప్‌ల ద్వారా కార్డుతో కట్టే వీలు ఇదివరకు ఉండేది కానీ, 2025లో చాలా యాప్‌లు దాన్ని ఆపేశాయి. ఉన్నప్పుడు కూడా ఫీజు వేసేవారు, చాలా కార్డులు పాయింట్లు ఇచ్చేవి కావు. అందుకే అద్దెను లెక్కలోకి తీసుకోవద్దు. ఇక మిగిలింది పెట్రోలు 4,500, వీధి చివరి కిరాణా కొట్టులో క్యూఆర్ స్కాన్ చేసి కట్టేది 5,000, ఆన్‌లైన్‌లో కొనేది 3,000, ఫోను, కరెంటు బిల్లులు 1,800. కార్డుకు పనికొచ్చే ఖర్చు ఇంతే.

వాడు ముందు పెట్రోలు కార్డే అడిగాడు. రోజంతా బండి మీదుండే మనిషికి అలా అనిపించడం సహజం. కానీ మామూలు కార్డులు చాలావరకు పెట్రోలుకు రివార్డు, అంటే ఖర్చులో కొంత పాయింట్లుగానో డబ్బుగానో వెనక్కి, ఇవ్వవు. ఇచ్చేది 1 శాతం సర్‌ఛార్జి మాఫీ. అంటే బంకులో కార్డు గీకినందుకు పడే అదనపు ఛార్జిని వెనక్కి వేస్తారు, దాని మీద పడే జీఎస్టీ మాత్రం సాధారణంగా వెనక్కి రాదు. పైగా ఒక్కో బిల్లు కనీసం 400 లేదా 500 ఉండాలని షరతు పెడతారు. మా వాడు ఎప్పుడూ 300కే కొట్టిస్తాడు. ఆ మాఫీ వాడికి ఒక్కసారి కూడా రాదు. ఇండియన్ ఆయిల్ లాంటి కంపెనీలతో కలిసి బ్యాంకులు ఇచ్చే కార్డులైతే పెట్రోలుకు నిజంగానే పాయింట్లిస్తాయి. కానీ మీరు తిరిగే దారిలో ఆ కంపెనీ బంకులు ఉండాలి, మీరు కూడా అక్కడే ఆగి కొట్టించాలి. వాడు ఏ బంకు కనిపిస్తే అక్కడ ఆగే రకం. కాబట్టి పెట్రోలును యూపీఐకే వదిలేశాం.

తర్వాత ఆన్‌లైన్ ఖర్చు. వాడి 3,000లో దాదాపు అంతా అమెజాన్‌దే. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు ఆన్‌లైన్ కొనుగోళ్లకు 5 శాతం ఇస్తుంది. అంటే ఏడాదికి 1,800. దాని వార్షిక ఫీజు 999, జీఎస్టీతో కలిపి 1,179. ఏడాదికి 2 లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ. పెట్రోలు తీసేస్తే వాడి ఖర్చు ఏడాదికి 1,17,600, కాబట్టి మాఫీ రాదు. చివరికి చేతిలో మిగిలేది 621 రూపాయలు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు జాయినింగ్ ఫీజూ లేదు, వార్షిక ఫీజూ లేదు. ప్రైమ్ (డబ్బు కట్టి తీసుకునే అమెజాన్ సభ్యత్వం) లేనివాళ్లకు అమెజాన్‌లో 3 శాతం ఇస్తుంది. దాంతో వాడికి ఏడాదికి 1,080 వస్తుంది. 5 శాతం కంటే 3 శాతమే ఎక్కువ ఇచ్చింది చూడండి. అదే ఆన్‌లైన్ ఖర్చు నెలకు 10,000 ఉంటే ఫీజు పోను మొదటి కార్డులో 4,821, రెండో కార్డులో 3,600. నా లెక్కలో నెలకు ఐదు వేల దగ్గర ఈ రెండూ సమానమవుతాయి. బ్యాంకులు నిబంధనలు తరచూ మారుస్తుంటాయి కాబట్టి అప్లై చేసే రోజున వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకొని, మీ అంకెలు వేసి ఇదే లెక్క చేయండి.

మీ ఖర్చులో ఎక్కువ భాగం కొట్లలో స్కాన్ చేసి కట్టేదే అయితే రూపే (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి మన దేశపు కార్డు నెట్‌వర్క్) క్రెడిట్ కార్డు చూడండి. 2022 నుంచి రూపే కార్డును యూపీఐ యాప్‌కు లింక్ చేసుకునే వీలుంది. వీసా, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డులకు ఆ సౌకర్యం లేదు. వ్యాపారి క్యూఆర్‌కే డబ్బు వెళ్తుంది, మనుషుల నంబర్లకు పంపలేరు. యూపీఐ ఖర్చుకు ఎంత రివార్డు ఇస్తారో విడిగా అడగండి, తక్కువ ఇచ్చే కార్డులు, అసలు ఇవ్వనివీ ఉన్నాయి. మా తమ్ముడి విషయంలో ఇది వద్దన్నాను. 5,000 కిరాణాకు 1 శాతం ఇచ్చినా నెలకు 50 రూపాయలు. ఆ యాభై కోసం రోజువారీ ఖర్చును కూడా అప్పు మీదికి తేవడం నాకు నచ్చలేదు. ఖాతాలో బ్యాలెన్స్ తగ్గుతూ కనిపిస్తేనే వాడి చెయ్యి ఆగుతుంది.

ఎయిర్‌పోర్ట్ లాంజ్ చూపించి అమ్మే కార్డుల గురించి ఒక్క మాట. మనకు దగ్గరి విమానాశ్రయం శంషాబాద్. ఏడాదికి ఒకసారి కూడా విమానం ఎక్కనివాళ్లు ఆ లాంజ్ కోసం ఫీజు కట్టొద్దు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, ఎంఎస్‌కు అప్లై చేసే పిల్లలు మాత్రం ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో పెట్టే ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు ఛార్జి, ఎంతో చూసుకోవాలి. చాలా కార్డులకు అది 3.5 శాతం, దాని మీద జీఎస్టీ. డాలర్లలో లక్ష రూపాయల విలువ ఖర్చు పెడితే 4,130 అదనం. మార్కప్ లేని కార్డులు, తక్కువ ఉన్నవి కూడా దొరుకుతాయి.

ఇక అసలు విషయం. మా తమ్ముడికి ఏడాదంతా వాడితే వచ్చేది ఇంచుమించు వెయ్యి రూపాయలని చూశాం కదా. ఇప్పుడు 20,000 బిల్లు వచ్చిందనుకోండి. మినిమమ్ డ్యూ (ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం) అని 1,000 కట్టి మిగతాది వదిలేస్తే, నెలకు 3.5 శాతం చొప్పున 19,000 మీద వడ్డీ 665, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 785. రెండు నెలలు అలా నడిపితే ఏడాది రివార్డు పోయి ఇంకా ఎదురు కట్టాలి. అంతేకాదు, బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏటీఎంలో కార్డుతో నగదు తీసినా అంతే, మొదటి రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. నెలాఖరుకు చేబదులు తీసుకునే పరిస్థితి ఉంటే ఇప్పుడు కార్డు వద్దని నేను మొహమాటం లేకుండా చెప్తాను. ఎవరికైనా కోపం వచ్చినా సరే.

కార్డు వచ్చాక మొదటి రోజే ఆటోపే (బిల్లు దానంతటదే ఖాతా నుంచి కట్టయ్యే ఏర్పాటు) పెట్టుకోండి. అందులో "టోటల్ అమౌంట్ డ్యూ" ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూడండి, "మినిమమ్" మీద టిక్ ఉండిపోయిన కార్డులు నా కళ్లతో చూశాను. డ్యూ డేట్ జీతం పడ్డాక నాలుగైదు రోజులకు వచ్చేలా బిల్లింగ్ తేదీ మార్చమని అడగండి, ఆ వెసులుబాటు ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధనే ఉంది.

సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడతారో లేదో బ్యాంకులు చూసే మార్కు) లేక కార్డు రాని కొత్త ఉద్యోగులు, గృహిణులు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోవచ్చు. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది, సమయానికి కడుతుంటే స్కోరూ ఏర్పడుతుంది.

ఫోన్లో "లైఫ్‌టైమ్ ఫ్రీ సార్" అంటే ఆ మాట మెయిల్‌లో రాసి పంపమనండి. ఫీజు ఉన్న కార్డు తీసుకుంటే, ఏడాది నిండడానికి నెల ముందు మళ్లీ ఈ లెక్క వేయండి. గిట్టకపోతే బాకీ మొత్తం కట్టేసి, క్లోజ్ చేయమని మెయిల్ పెట్టండి. బాకీ లేని కార్డును బ్యాంకు 7 పనిదినాల్లో క్లోజ్ చేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకే కట్టాలి. అందుకే ఆ మెయిల్ పంపిన తేదీని దాచిపెట్టుకోండి.