బోల్టు రంధ్రంలో థ్రెడ్లు పోతే హెలికాయిల్ వేయడం ఎలా?

పాత కారు విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఈ తలనొప్పి ఎక్కడో ఒకచోట తగులుతుంది. బోల్టు బిగుసుకుంటున్నట్టే ఉండి ఒక్కసారిగా వదులైపోతుంది, ఆపైన ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంది. బయటికి తీస్తే దాని మరల సందుల్లో అల్యూమినియం తీగలా చుట్టుకుని వస్తుంది. రంధ్రంలోని థ్రెడ్ అదే. బోల్టుకి టెఫ్లాన్ టేపు చుట్టడం, రాగి తీగ పోగు దూర్చడం, ఎపాక్సీ నింపడం ఈ జబ్బుకి మందులు కావు. ఇంజిన్ వేడెక్కి చల్లారుతూ ఉంటే అవి వదిలేస్తాయి, ఆ జిగురూ చెత్తా శుభ్రం చేసే పని అదనంగా మీ మీద పడుతుంది. దీనికి మందు హెలికాయిల్: రంధ్రం కాస్త పెద్దది చేసి, కొత్త థ్రెడ్ కోసి, అందులో ఎక్కించే తీగచుట్ట. పాత బోల్టు దాని లోపల బిగుస్తుంది.

ఎం8 (8 మి.మీ. బోల్టు) పోయింది కదా, ఎం10 వేసేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. దానికి 8.5 మి.మీ. రంధ్రం కావాలి. హెలికాయిల్‌కి కావలసింది 8.3 మాత్రమే. కోసే లోహం ఇంచుమించు అంతే అయినప్పుడు, ఆ బోల్టు పట్టి ఉంచే పై కవర్ రంధ్రం కూడా పెద్దది చేసి, పదకొండు బోల్టుల మధ్య ఒకటి లావుగా కనబడేలా చేసుకోవడం దేనికి? హెలికాయిల్ వేస్తే అసలు బోల్టు అసలు చోటే ఉంటుంది. పైగా అది స్టెయిన్‌లెస్ స్టీలు తీగచుట్ట కాబట్టి ఒట్టి అల్యూమినియం థ్రెడ్ కన్నా గట్టిది.

ముందు బోల్టు కొలవండి. పిచ్, అంటే ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం, పిచ్ గేజ్ పెట్టి మరీ చూడండి. ఎం10లో 1.5, 1.25 పిచ్‌లు రెండూ కార్లలో కనిపిస్తాయి. పాత బ్రిటిష్, అమెరికన్ బండ్లలో అంగుళాల కొలతల యూఎన్‌సీ, యూఎన్‌ఎఫ్ థ్రెడ్లు ఉంటాయి. హెలికాయిల్ కిట్‌లో డ్రిల్ బిట్, ట్యాప్ (రంధ్రంలో థ్రెడ్ కోసేది), కాయిల్స్, వాటిని ఎక్కించే పనిముట్టు ఉంటాయి. ఎం6 × 1కి 6.3, ఎం8 × 1.25కి 8.3, ఎం10 × 1.5కి 10.4 మి.మీ. బిట్ సరిపోతుంది. కిట్ మీద వేరే అంకె ఉంటే అదే పాటించండి. కిట్‌లో వచ్చే ట్యాప్ మామూలుది కాదు. ఎం8 అని రాసి ఉన్నా దాని బయటి వ్యాసం దాదాపు 9.6 మి.మీ. పెట్టెలో ఉన్న మామూలు ఎం8 ట్యాప్‌తో కానిచ్చేద్దాం అనుకోవద్దు.

అసలు పని డ్రిల్లింగ్ దగ్గరే ఉంది. చెడితే ఇక్కడే చెడుతుంది. బిట్ ఒక్క డిగ్రీ వాలినా 50 మి.మీ. పైన బోల్టు దాదాపు 0.9 మి.మీ. పక్కకు జరుగుతుంది. ఎం8 బోల్టుకి కవర్‌లో సాధారణంగా 9 మి.మీ. రంధ్రం ఉంటుంది, అంటే చుట్టూ ఖాళీ అర మి.మీ. మాత్రమే. ఇక బోల్టు కవర్‌ని రాసుకుంటుంది, తల ఒక అంచు మీదే కూర్చుంటుంది, గాస్కెట్ (కవర్ కింద కారకుండా వేసే పొర) ఆ పక్కన కారుతుంది. అప్పుడు తప్పు గాస్కెట్ మీద వేసి ఇంకొకటి కొంటారు.

కాబట్టి చేతి డ్రిల్లుతో కంటి అంచనా మీద కోయకండి. భాగాన్ని విప్పి తేగలిగితే డ్రిల్ ప్రెస్ కింద పెట్టండి. ఇంజిన్ మీదే చేయాల్సి వస్తే 25 మి.మీ. మందం ఉన్న ఇనుప దిమ్మలో డ్రిల్ ప్రెస్ మీద 8.3 రంధ్రం వేసుకుని, దాన్ని గాస్కెట్ ముఖం మీద ఆనించి, పక్క బోల్టు రంధ్రాల ఆధారంగా బిగించండి. బిట్ అందులోంచే దిగాలి. దిమ్మకి చోటు లేకపోతే మూలమట్టం రెండు దిక్కుల నుంచీ ఆనించి చూడండి. ఒక దిక్కు చూసి తృప్తి పడేవాళ్లే ఎక్కువ, అందుకే ఇన్ని వంకర రంధ్రాలు.

పాత థ్రెడ్ మిగులు బిట్‌ని పట్టి లోపలికి లాక్కుంటుంది. వేగం తగ్గించి, డ్రిల్లుని వెనక్కి పట్టుకున్నట్టుగా కోయండి. అడుగు మూసిన రంధ్రమైతే లోతు ముందే కొలిచి బిట్‌కి టేపు చుట్టండి. అడుగు పగిలి నీటి దారిలోకి పోతే ఆ పోత భాగం చేతికి రాదు. అల్యూమినియానికి కిరసనాయిలు చాలు. పోత ఇనుమైతే పొడిగానే కోయాలి.

ట్యాప్‌ని కూడా అదే దిమ్మలోంచి దించడం కుదరదు, లావు ఎక్కువ. మొదటి రెండు చుట్లయ్యాక మూలమట్టం మళ్లీ ఆనించండి, ఆ తర్వాత సరిచేద్దామంటే కుదరదు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. ట్యాప్ గాడుల్లో గ్రీజు పూస్తే రజను అందులోనే అంటుకుంటుంది. బిగుసుకుపోతే బలం చేయకండి, ట్యాప్ విరిగితే తీయడం అసలు పని కన్నా పెద్దది.

మిగతాది నిమిషాల పని. రంధ్రాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, గాలి కొట్టి, కాయిల్‌ని తిప్పుతూ పైముఖానికి పావు నుంచి అర చుట్టు కిందికి దించండి. వెనక్కి తిప్పకండి, చుట్లు విడిపోతాయి. అడుగున ఉన్న చిన్న తోకని పంచ్‌తో ఒక్క దెబ్బకి విరగగొట్టి బయటికి తీయండి. అది స్టెయిన్‌లెస్, అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. పుల్లకి గ్రీజు రాసి అంటించండి. రంధ్రం క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ అడుగు గదిలోకి) తెరుచుకుంటే తోకని సన్నమూతి ప్లయర్‌తో పట్టుకునే విరవాలి. ఎన్ని కాయిల్స్ వేశారో అన్ని తోకలూ బల్ల మీద లెక్క తేలాలి.

స్పార్క్ ప్లగ్, హెడ్ బోల్టు రంధ్రాలకి మాత్రం హెలికాయిల్ కన్నా టైమ్‌సెర్ట్ లాంటి గట్టి గొట్టం రకం మేలు. బ్రేక్ కాలిపర్, సీట్ బెల్టు బిగించే రంధ్రాలైతే మెషిన్ షాపుకి ఇచ్చేయండి.

బిగించే ముందు బోల్టు చేత్తోనే చివరిదాకా దిగుతుందో లేదో చూడండి. రంధ్రంలో నూనె మిగలకూడదు. అడుగు మూసిన చోట అది నలిగి పోత భాగాన్నే పగలగొడుతుంది. కాయిల్‌లో బోల్టు కనీసం దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఎం8కి 12 మి.మీ. దిగాలి. అంత దిగకపోతే పొడుగు బోల్టు తెచ్చుకుని, అది అడుగు తాకడం లేదని చూసుకున్నాకే మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి.