డాక్టర్ టోసిలిజుమాబ్ రాస్తే ముందు ఇవి చూసుకోండి

కోవిడ్ ముదిరి మనవాళ్లు ఆక్సిజన్ మీదుంటే, డాక్టర్ ఈ ఇంజెక్షన్ అనగానే టెన్షన్ పడి పరిగెత్తకుండా సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఎంతుందో అడగండి. బ్రిటన్‌లో కోవిడ్ మందుల మీద జరిగిన ‘రికవరీ’ అనే ట్రయల్‌లో ఈ ఇంజెక్షన్‌కి ఆక్సిజన్ అవసరమై, సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకంటే పైన ఉన్నవాళ్లనే తీసుకున్నారు. ఈ మందు వైరస్‌ను చంపదు. ఐఎల్-6 అనే వాపు సంకేతం కణానికి అందకుండా అడ్డుపడే ప్రోటీన్, అంతే. పాత టీబీ, హెపటైటిస్-బి ఉంటే దాచొద్దు. బయటి నుంచి తెస్తే 2 నుంచి 8 డిగ్రీల్లోనే, సీసా ఐసుగడ్డకు నేరుగా తగలకూడదు. కిలో బరువుకు 8 మిల్లీగ్రాములు, 800 దాటకుండా, సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కిస్తారు. తర్వాత సీఆర్‌పీ తగ్గిందని సంబరపడకండి, మందే దాన్ని దించేస్తుంది, కొత్త ఇన్ఫెక్షన్ వచ్చినా అందులో కనపడకపోవచ్చు.