టమాటా అడుగు నల్లబడుతోందా? ముందు నీళ్ల సంగతి చూడండి

కాయ నిమ్మకాయంత అవుతుంది. పైనుంచి చూస్తే నిగనిగలాడుతూ ఉంటుంది. చేత్తో తిప్పితే అడుగున రూపాయి బిళ్లంత మచ్చ. మొదట నీరు పట్టినట్టు మసకగా, తర్వాత గోధుమ రంగుకు తిరిగి, చివరికి నల్లగా లోపలికి అణిగి పాత చెప్పు తోలులా గట్టిపడుతుంది. బెంగళూరులో మిద్దె తోట పెట్టిన మా తెలుగువాళ్లలో ఈ మచ్చ చూసి టెన్షన్ పడనివాళ్లు తక్కువ. ఇది అంటుకునే తెగులు కాదు. కాయకు కాల్షియం అందలేదు, అంతే. క్యాప్సికం, వంకాయ, సొరకాయల్లోనూ ఇలాగే వస్తుంది.

అదేనా, వేరేదా?

మచ్చ ఎండ తగిలే పక్కన తెల్లగా ఉంటే ఎండదెబ్బ. రంధ్రం ఉంటే కాయతొలుచు పురుగు. కింది ముదురు ఆకులు పసుపెక్కితే కాల్షియం గొడవ కాదు, ఈ లోపం లేత చిగుళ్లలో, కాయల్లోనే కనిపిస్తుంది. మిరప ఆకు ముడుచుకోగానే కాల్షియం కొనేస్తారు చాలామంది. ఆకు వెనక్కి తిప్పి చూడండి, చాలాసార్లు తామర పురుగులో (త్రిప్స్), నల్లులో (మైట్స్) దొరుకుతాయి.

ఎందుకొస్తుంది?

కాల్షియం వేళ్ల నుంచి నీళ్లతో పాటే పైకి పోతుంది. నీటిని ఎక్కువగా ఆవిరి చేసేవి ఆకులు, కాబట్టి పెద్ద వాటా వాటిదే. ఆకులో చేరింది మళ్లీ కాయకు రాదు. నీటి సరఫరా తడబడితే ముందు నష్టపోయేది కాయ అడుగు.

మాది అనంతపురం. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఊరెళ్లి, సోమవారం పొద్దున తిరిగొచ్చి, వాడిన మొక్కలకు బకెట్లకు బకెట్లు కుమ్మరించేవాణ్ని. పైగా కాల్షియం కోసమని నెలంతా గుడ్డు పెంకులు నలిపి వేశాను. తర్వాత మట్టి తవ్వితే పెంకులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కరగడానికి వాటికి చాలా కాలం పడుతుంది.

మీ బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందా? అయితే ఆ బోరు నీళ్లలోనే కాల్షియం ఉంది, లోటు తడిలో ఉంది. ఉత్త కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) పెంచేవాళ్లకు మాత్రం లోటు నిజంగానే ఉండొచ్చు, అది కాల్షియాన్ని తనే పట్టేసుకుంటుంది. యూరియా, అరటి తొక్కల నీళ్లు అతిగా పోసినా కాల్షియం వేరుకెక్కడం తగ్గుతుంది.

ఏం చేయాలి?

వేలు మట్టిలోకి దించండి. అంగుళం లోతున పొడిగా ఉంటే నీళ్లు పోయండి, తడి తగిలితే ఆగండి. పైన రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. చిన్న కుండీలో టమాటా వద్దు, కనీసం పదిహేను అంగుళాల గ్రో బ్యాగ్ ఉండాలి. ఊరెళ్తే పక్కింటివాళ్లకు చెప్పండి, లేదా మూతకు సన్న రంధ్రం చేసిన సీసాను నీళ్లతో తలకిందులుగా గుచ్చి వెళ్లండి. నా తోటలో సగం సమస్య ఈ సీసాలతోనే తీరింది.

తర్వాతే మందులు. బ్యాగుకు రెండు చెంచాల జిప్సం (కాల్షియం ఉండే ఖనిజ పొడి) పైమట్టిలో కలిపి తడపండి. మా ఊళ్లో వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తారు. పూత తర్వాత మట్టిలోకి దిగే ఆ ఊడలు, కాయలు నేరుగా మట్టి నుంచే కాల్షియం పీల్చుకుంటాయి. టమాటాకు ఆ దారి లేదు, వేళ్ల మీదుగా రావాల్సిందే. అందుకే జిప్సం వేసి నీళ్లు మరిచిపోతే దండగ.

తొందరగా కావాలంటే కాల్షియం నైట్రేట్ లీటరుకు 5 గ్రాములు కలిపి, సాయంత్రం పూట పిందెల మీద కూడా పడేలా పిచికారీ చేయండి. పది రోజులకోసారి, రెండు మూడు సార్లు చాలు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్), డీఏపీ ఎరువు అదే నీళ్లలో కలపొద్దు, తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది.

మచ్చపడిన కాయ మళ్లీ బాగవదు. కోసేయండి, నల్లటి ముక్క తీసేస్తే మిగతాది పచ్చడికి పనికొస్తుంది. ఫలితం చూడాల్సింది పాత కాయల్లో కాదు, తర్వాతి గుత్తిలో.